కిటికీలో వేలాడదీసిన సాక్ష్యం

శృంగవరపుకోట
27 ఏప్రిల్ 2021, మంగళవారం

దేవుడు ఒకసారి చూసి బాగున్నదన్న దాన్ని మళ్ళీ చూడాలి అనడానికి నీవెవరవు షీబా?

ముందు దీనికి జవాబు చెప్పు. ఆశీర్వాదాలు తర్వాత.

శుక్రవారం నాడు జ్వరంతో ఉన్న మా అప్పను, అంటే నిన్ను కన్న తల్లి ఎలీసమ్మను, జగన్నాధం కూరగాయల బండిలో విజయనగరం తెచ్చింది నేను. ఆమెను సిటీ స్కాన్ యంత్రంలోకి పంపింది నీవు. ఫిల్ము కవరు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో, గోడ మీద రాసినంత పెద్ద అక్షరాలతో ‘అమ్మ ఊపిరితిత్తులు శుభ్రం’ అని రాసిందీ నీవే. నా కళ్ళు చెమర్చాయి. తర్వాత చూస్తే కింద చీమ తలకాయంత అక్షరాలతో ‘ఐదు రోజులకు మళ్ళీ చూడాలి’ అని ఉంది. పైమాట విశ్వాసం, కింది మాట సందేహం. ఒకే ఊటలోంచి తీపి నీళ్ళూ చేదు నీళ్ళూ వస్తాయా?

ఫోను చెయ్యవచ్చు కదా మావయ్యా అంటావు. జూట్‌మిల్లులో ఇరవై రెండేళ్ళు మగ్గాల మోతలో నిలబడిన చెవులివి. ఫోనులో నీ గొంతు నాకు ఈగలు ముసిరినట్టు ఉంటుంది. కాగితం మీద అయితే నన్ను మధ్యలో ఆపలేవు, అదొక లాభం. జగన్నాధం రోజూ పొద్దున్నే మీ ఊరి మార్కెట్టుకు వస్తాడు, మీ ఆసుపత్రి గేటు దగ్గర ఇస్తాడు, జవాబు తెస్తాడు. తపాలా శాఖ కంటే నమ్మకస్థుడు, కాకపోతే కాగితాలకు ఉల్లిపాయల వాసన.

ఆదివారం ఆ ఫిల్మును మన ప్రార్థన మందిరం తూర్పు కిటికీకి తగిలించాను. ఎండ పడగానే ఇరవై నాలుగు గళ్ళలో మా అప్ప రొమ్ము లోపలంతా వెలిగింది. ఒక్క చిక్కు వచ్చింది. ఊపిరితిత్తులు నల్లగా ఉంటే మంచిది, తెల్లబడితే రోగం అని నీవు ఆ రోజు చెప్పావు. ముప్పై ఏళ్ళుగా పాపం నలుపు, పరిశుద్ధత తెలుపు అని బల్ల గుద్ది చెబుతున్నవాణ్ణి నేను. నీ యంత్రంలో అంతా తలకిందులు. లక్ష్ముడు లేచి నిలబడి, ‘నల్లగున్నాది గదా అయ్యగారూ, అది మంచిదేటి?’ అని అడిగాడు. ‘కారుచీకట్లో కూడా ప్రభువు ఉంటాడ్రా, కూకో’ అన్నాను. కూర్చున్నాడు.

ఎనభై మంది వచ్చారు. మాస్కులు అందరికీ ఉన్నాయి, గడ్డాల కింద. మీ అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది: ‘నా ఊపిరి సంచులు దేవుడు అంట్లగిన్నెల్లాగ తోమి బోర్లించినాడు. కావాలంటే కిటికీలో సూడండి.’ అందరూ చూశారు. ఆడవాళ్ళు ఆమె చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నారు.

ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థన. బొడ్డవర నుంచి కూడా వస్తామన్నారు. నీవు అనుమానాలు రాయడం మాని, ఆ యంత్రం ముందు నిలబడి స్తుతి చెయ్యి.

గద్దించే హక్కున్న నీ మేనమామ,
ఏసుదానం


విజయనగరం
28 ఏప్రిల్ 2021, బుధవారం

మావయ్యకు,

నీ ప్రశ్నకు జవాబు రాస్తున్నాను. నేనెవరినంటే, మళ్ళీ చూసేదాన్ని. నా ఉద్యోగమే అది.

కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. పొద్దున ఆరింటికి పీపీఈ సూటు తొడుక్కుంటే రెండింటిదాకా విప్పడానికి లేదు. నీళ్ళు తాగడానికీ లేదు. స్కాను గది బయట వరండా పొడుగునా స్ట్రెచర్లు, ఒక్కో స్ట్రెచరు పక్కన సిలిండరు పట్టుకుని ఒక మనిషి. ఒక్కొక్కరిని బల్ల మీద పడుకోబెట్టి, గాజు వెనక్కి వచ్చి మైకులో చెబుతాను: గాలి పీల్చండి, పట్టండి, వదలండి. యంత్రంలో రికార్డు చేసిన గొంతు ఒకటి ఉంది గానీ అది హిందీలో మాట్లాడుతుంది. మన ముసలివాళ్ళు అది విని బెదిరి లేచి కూర్చుంటున్నారు. అందుకని నేనే చెబుతాను. నిన్న అరవై మూడు సార్లు చెప్పాను. నిన్న చివరగా వచ్చిన ఒక పెద్దాయన, ‘పట్టడానికి గాలి ఉండాల గదే తల్లీ’ అన్నాడు. నేను బటన్ నొక్కాను. ఇంకేం చెయ్యను?

ఇప్పుడు అమ్మ సంగతి. జ్వరం గురువారం వచ్చింది, స్కాను శుక్రవారం తీశాం. అంటే రెండో రోజు. అప్పటికి రోగం గొంతు దగ్గరే ఉంటుంది. అప్పుడు తీస్తే యంత్రానికి ఏమీ కనపడదు. ఏడో రోజున, ఎనిమిదో రోజున లోపలికి దిగుతుంది. ఫిల్ములు చదివే మా డాక్టరు జయకృష్ణ గారు రోజూ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నారు, తొందరపడి తీయించుకున్న స్కాను చూసుకుని జనం ధీమాగా తిరుగుతున్నారని. నువ్వేమో దాన్ని కిటికీకి కట్టి ఎనభై మందిని పిలిచావు.

మూడు పనులు చెయ్యి మావయ్యా. ఆ ఫిల్ము తీసెయ్. శుక్రవారం ప్రార్థన ఆపు. జగన్నాధంతో ఆక్సీమీటరు పంపుతున్నాను, వేలికి తగిలిస్తే ఊపిరి సంగతి చెబుతుంది. పైన కనపడే పెద్ద అంకె తొంభై నాలుగు కంటే తగ్గితే, అమ్మను ఏ బండి దొరికితే ఆ బండిలో తీసుకొచ్చెయ్.

నిన్న అమ్మకు ఫోను చేశాను. ‘బాగున్నాను. తిన్నావా. పెట్టీ’ అంది. పెట్టేస్తాను పెట్టేస్తాను అంటూ అరగంట మాట్లాడే మనిషి అమ్మ. నాకు అది నచ్చలేదు.

నాతో పనిచేసే విక్టర్‌కు సోమవారం పాజిటివ్ వచ్చింది. యంత్రం దగ్గర ఇప్పుడు నేనొక్కదాన్నే.

నీ కోడలు,
షీబా


శృంగవరపుకోట
29 ఏప్రిల్ 2021, గురువారం

అలసిపోయిన నా మేనకోడలికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి జాలి వేసింది. రోజుకు అరవై రొమ్ముల్లో రోగాన్ని చూసే కళ్ళకు ఆరోగ్యం కనపడినా నమ్మబుద్ధి కాదు. నిన్ను తప్పుపట్టను. గాయంలో వేలు పెట్టి చూస్తేగాని నమ్మనన్న శిష్యుణ్ణి కూడా ప్రభువు వెళ్ళగొట్టలేదు.

నీ వేలి యంత్రం అందింది. నా వేలికి పెడితే తొంభై ఏడు. లక్ష్ముడికి తొంభై ఆరు. ‘అయ్యగారికంటే ఒకటి తక్కువొచ్చినాదేటి, నాకు విశ్వాసం తగ్గినాదా?’ అని మొహం మాడ్చుకున్నాడు. మళ్ళీ పెట్టించుకున్నాడు, తొంభై ఏడు వచ్చాకే ఇంటికెళ్ళాడు.

మీ అమ్మ పెట్టించుకోలేదు. ‘నా సాక్ష్యం కిటికీలో ఉన్నాది గదా’ అని పలక మీద రాసి చూపించింది. ఈ జవాబుకు నీవైనా నేనైనా ఏమంటాం?

పలక ఎందుకంటావేమో. అదే నీకు చెప్పాలి. మంగళవారం సాయంత్రం నుంచి మా అప్ప మౌన ఉపవాసం పట్టింది. ఆదివారం బడి పలక తీసుకుని ‘ఏడు దినాలు మాటాడను. జబ్బు మనుషుల కోసం’ అని రాసింది. నీవు ఫోను చేసినప్పుడు మాత్రం తల్లి మనసు ఆగక మూడు మాటలు మాట్లాడినట్టుంది. దాన్ని పట్టుకుని నీవు అపార్థం చేసుకున్నావు.

షీబా, అటువంటి ప్రార్థన నేను ఎన్నడూ చూడలేదు. పడుకోవడం లేదు. గోడకు ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద మోపుకుని, తల ముందుకు వాల్చి కూర్చుంటుంది. భుజాలు పైకీ కిందికీ ఊగుతూ ఉంటాయి, ఎంత భారం మోస్తోందో. నుదుటి మీద చెమట. పెదవులు కదులుతాయి, శబ్దం రాదు. ముద్ద ముట్టడం లేదు, గంజి రెండు గుటకలు, అంతే. పూర్వం ఒక తల్లి దేవాలయంలో ఇలాగే పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థిస్తే, అక్కడున్న యాజకుడు ఆమె తాగి ఉందనుకున్నాడు. నీవు ఆ యాజకుడిలా చూస్తున్నావు. ప్రార్థన నీకు రోగంలా కనిపిస్తోంది.

ఫిల్ము తియ్యను. రేపటి ప్రార్థన ఆగదు. వాకిట్లో సబ్బూ నీళ్ళూ పెట్టిస్తాను, అంతవరకు నీ మాట విన్నాను.

వేళకు తిను. నీళ్ళు తాగడానికి వీల్లేని పని ఏ పనో నాకు అర్థం కాలేదు.

నీ మేలు కోరే మావయ్య,
ఏసుదానం


విజయనగరం
30 ఏప్రిల్ 2021, శుక్రవారం, పొద్దున ఎనిమిదిన్నర

మావయ్యా, అది మౌనం కాదు. ఊపిరి చాలక మాట రావడం లేదు.

నువ్వు రాసినవన్నీ, పడుకోలేకపోవడం, మోకాళ్ళ మీద చేతులు మోపుకోవడం, భుజాలు ఎగరడం, చెమట, ఇవన్నీ నేను రోజూ వరండాలో చూస్తున్నాను. ప్రార్థన కాదు మావయ్యా, మునిగిపోతోంది.

అమ్మ ఫోను ఎత్తడం లేదు. 108కి చేశాను, మీ వైపు బండి రావడానికి రెండు గంటలన్నారు. జగన్నాధం గేటు దగ్గరే ఉన్నాడు. అన్నీ చెప్పాను. బుట్టలు దింపేసి ఖాళీ బండితో వస్తున్నాడు. ముందు వేలికి యంత్రం పెట్టు. వద్దన్నా పెట్టు. బండిలో బోర్లా పడుకోబెట్టు, రొమ్ము కింద దిండు పెట్టు. కిటికీలు తెరిచి ఉంచు.

ఎవరితోనూ చర్చించకు. ప్రార్థన చెయ్యాలంటే బండిలో చెయ్యి.

షీబా


శృంగవరపుకోట
2 మే 2021, ఆదివారం

షీబా,

ఏ వందనంతో మొదలుపెట్టాలో తెలియడం లేదు.  

జగన్నాధం వచ్చేసరికి పది దాటింది. మందిరంలో అప్పటికే నలభై మంది. నేను వాక్యం తెరిచి నిలబడి ఉన్నాను. అతను చెప్పులతో లోపలికొచ్చేశాడు. ‘ఏట్రా ఇది’ అన్నాను. నీ చీటీ నా మొహం ముందు పెట్టి, చెవిలో నోరుపెట్టి అరిచాడు: ‘ముందు ఆయమ్మ వేలు సూడండి. నా సెప్పులు తరవాత సూద్దురు గాని.’

మీ అమ్మ ముందు వరసలోనే ఉంది, కిటికీ కింద. యంత్రం పెట్టబోతే చెయ్యి కొంగులో దాచుకుంది. లాగాను. గోళ్ళు నేరేడుపండు రంగులో ఉన్నాయి. మూడు రోజులుగా ఆ చేతుల్లోంచే నేను గంజిగ్లాసు తీసుకుంటున్నాను, చూడలేదు. అంకె డెబ్బై ఒకటి. యంత్రం చెడిపోయిందనుకుని నా వేలికి పెట్టాను, తొంభై ఏడు. మళ్ళీ ఆమెకు పెట్టాను, డెబ్బై. మూడోసారి కూడా పెట్టాను షీబా. మూడోసారి ఎందుకు పెట్టానో నన్ను అడగకు.

అప్పుడు నోరు తెరిచింది. ఒక్కో మాటకూ ఆగి ఆగి. నాకు వినపడదు కదా, లక్ష్ముడు ఆ మాటలు ఏరుకుని నా చెవిలో చెప్పాడు, ఏడుస్తూ. ‘నా బొమ్మ కిటికీలో ఎట్టినావు గదరా. ఇంతమందికీ సెప్పినావు. ఇప్పుడు నేను దగ్గితే నీ మాట పడిపోతాది.’

ఆ మౌనం రోగుల కోసం కాదు. నా కోసం. దగ్గు వస్తే పెరట్లోకి వెళ్ళి చీర నోట్లో కుక్కుకుని దగ్గిందట. పక్కింటి గౌరి చూసిందట. అడిగితే, ‘నా తమ్ముడికి సెప్పకే’ అని ఒట్టు వేయించుకుందట. ఇదంతా నాకు నిన్న తెలిసింది.

బండిలో బోర్లా పడుకోబెట్టాం. ఉల్లిపాయల గోనెలు మడిచి రొమ్ము కింద పెట్టాను. దారి పొడుగునా ఆమె అరికాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. నాకు ఒక్క వాక్యం గుర్తుకు రాలేదు. ముప్పై ఏళ్ళుగా అన్నీ నోటికి వచ్చిన మనిషిని, ఒక్కటీ రాలేదు. జగన్నాధమే ఏదో పాడుతూ నడిపాడు. అతను పైడితల్లమ్మ భక్తుడు. నేను ఆపమనలేదు.

గేటు దగ్గర తెల్లసూటు మనిషి ఒకరు చక్రాల కుర్చీ తెచ్చి తీసుకుపోయారు. నన్ను రానివ్వలేదు. ఆ సూటులో ఉన్నది నీవేనా? కళ్ళు మాత్రమే కనిపించాయి. మా అప్ప కళ్ళలా అనిపించాయి. నాకు అప్పటికి ఏది చూసినా అలాగే ఉంది.

ఫిల్ము తీసేశాను. తీస్తుంటే కిటికీ పక్క గోడ మీద క్యాలెండరు కనిపించింది. కూర్చుని రోజులు లెక్కపెట్టాను. తర్వాత బైబిల్లో ధర్మశాస్త్రం తీశాను. కుష్ఠు విషయంలో యాజకుడికిచ్చిన ఆజ్ఞ నీకు తెలుసు, ఆదివారం బడిలో నేనే చెప్పాను. మచ్చ చూడాలి. తేలకపోతే మనిషిని ఏడు రోజులు వేరుగా ఉంచాలి. ఏడో రోజున మళ్ళీ చూడాలి. అప్పటికీ తేలకపోతే ఇంకో ఏడు రోజులు. ఆ తర్వాతనే శుద్ధుడని చెప్పడానికి నోరు తెరవాలి. ఈ భాగం మీద నేను బొడ్డవరలో మూడు రోజులు వరసగా ప్రసంగించాను. మళ్ళీ చూడడం అవిశ్వాసం అని నీకు రాసినవాణ్ణి నేనే. మళ్ళీ చూడమని చెప్పింది దేవుడే. నేను మొదటి రోజునే నోరు తెరిచాను.

ఈ రోజు ఆరాధన లేదు. వచ్చినవాళ్ళను దూరం దూరంగా వాకిట్లో నిలబెట్టి ఈ సంగతి చెప్పి పంపేశాను. నేను ఓడిపోయానన్నాను.  మరిడమ్మ, లక్ష్ముడి భార్య, నేలవైపు చూస్తూ ఉండిపోయింది.

మా అప్ప ఎలా ఉంది? ఒక్క ముక్క రాయి. బాగులేదన్నా రాయి.

ఏసుదానం


విజయనగరం
4 మే 2021, మంగళవారం

మావయ్యా,

జగన్నాధం నీకు చెప్పే ఉంటాడు. అయినా నా చేత్తో రాయాలి. అమ్మ నిన్న పొద్దున పదకొండింటికి పోయింది.

గేటు దగ్గర ఉన్నది నేను కాదు. హైమ సిస్టరు. నేను లోపల యంత్రం దగ్గర ఉన్నాను. తెర మీద పేరు వచ్చింది, ఎలీసమ్మ, యాభై ఎనిమిది. వస్తోందని తెలుసు. అయినా పేరు చూసి చెయ్యి ఆగిపోయింది. నేనే బల్ల మీదికి ఎత్తాను. సూటు, కళ్ళద్దాలు, రెండు మాస్కులు. నన్ను గుర్తుపట్టలేదు. గాజు వెనక్కి వచ్చి మైకులో ‘గాలి పీల్చండి’ అన్నాను. గొంతు గుర్తుపట్టింది. తల తిప్పి గాజు వైపు చూసింది. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది మావయ్యా. ‘కదలకండి’ అన్నాను. అమ్మను ‘అండి’ అన్నాను. రోజంతా అదే మాట అని అని నోటికి అదే వచ్చింది. వెంటనే అమ్మా అనవలసింది. బయట ఇంకో స్ట్రెచరు తలుపు తడుతోంది. అనలేదు. వార్డులో చేర్చాక ఆమెకు తెలివి లేదు, నేను ఆమెతో ఆఖరున మాట్లాడిన మాట అదే.

ఊపిరితిత్తుల్లో రోగం తీవ్రత ఇరవై ఐదుకు ఇరవై రెండు. నల్లగా మిగిలింది ఎంతో లేదు. ముందటి శుక్రవారం బొమ్మ, మొన్న శుక్రవారం బొమ్మ పక్కపక్కన పెట్టి చూశాను. ఎనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. రెండూ ఒకే మనిషివంటే నమ్మలేకపోయాను.

నిన్న పదకొండున్నరకు వార్డు నుంచి పిలిచారు, చక్రాల ఎక్స్‌రే బండి తోసుకుని వెళ్ళాను. అమ్మ పక్క మంచం ఆవిడకు తీయాలి. అమ్మ మంచం మీద దుప్పటి కొత్తగా ఉంది. ఎవరూ ఏమీ చెప్పలేదు, చెప్పడానికి ఎవరికీ తీరిక లేదు. నేను ముందు ఎక్స్‌రే తీశాను. ఆవిడ వీపు కింద ప్లేటు సర్ది, ‘గాలి పీల్చండి’ అన్నాను. తర్వాత అడిగాను.

సాయంకాలం సమాధి చేశాం. మునిసిపాలిటీ వాళ్ళు నలుగురు, నేను, ఇక్కడి సంఘం నుంచి ఒక పెద్దాయన. మొహం చూపించలేదు. నిన్ను రావద్దని కబురుపెట్టింది నేనే. నీకు కూడా వచ్చేసి ఉంటుందేమోనని భయం.

ఒకటి చెప్పాలి. నువ్వు ఓడిపోయానని రాశావు. ఆ కవరు మీద పెద్ద అక్షరాలతో రాసింది ఎవరు? టెక్నీషియన్లు ఫలితం చెప్పకూడదు. అది డాక్టరు పని. జయకృష్ణ గారు చదవకముందే నేను సంతోషం పట్టలేక రాసేశాను. కూతురు పెద్ద అక్షరాలతో రాసింది, ఉద్యోగస్థురాలు చిన్న అక్షరాలతో రాసింది. నువ్వు పెద్ద అక్షరాలే చదివావు. ఎవరైనా అవే చదువుతారు.

నా గురించి బెంగపడకు. శనివారం నుంచి దగ్గు. ఆదివారం నాకు నేనే బల్ల ఎక్కాను, హైమ సిస్టరు బటన్ నొక్కింది. శుభ్రంగా ఉంది. అంకె కూడా ఆ రోజు తొంభై ఎనిమిది. సాయంత్రమయ్యేసరికి కొంచెం ఆయాసంగా ఉంటోంది, ఆ సూటు వల్ల. జ్వరానికి మాత్ర వేసుకుని డ్యూటీకి దిగుతున్నాను. సూపర్నెంటు గారికి చెప్పలేదు. చెబితే కూర్చోబెడతారు. విక్టర్ ఇంకా లేవలేదు. నేను ఆగితే యంత్రం ఆగిపోతుంది. వరండాలో అంతమంది ఉన్నారు.

చెయ్యి నొప్పిగా ఉంది. ఇంక రాయలేను.

షీబా


శృంగవరపుకోట
5 మే 2021, బుధవారం, పొద్దున ఆరు గంటలు

ఎన్నో రోజున తీశావు షీబా?

దగ్గు శనివారం మొదలైంది. స్కాను ఆదివారం తీశావు. అంటే రెండో రోజు. ఈ లెక్క నాకు నేర్పింది నీవు. ఎనిమిదేళ్ళ ఉద్యోగస్థురాలివి, నీకు నేను చెప్పాలా?  మా అప్ప పోయిందని జగన్నాధం చెప్పినప్పుడు నిలబడే ఉన్నాను. నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి కూర్చుండిపోయాను.

ఆయాసం సూటు వల్ల అన్నావు. నేను భారమైన ప్రార్థన అన్నాను. నీ సూటుకూ నా ప్రార్థనకూ తేడా ఏమిటో చెప్పు.

నేను ఆగితే యంత్రం ఆగిపోతుంది అని రాశావు. నేను ఆగితే ప్రార్థన ఆగిపోతుందని నేనూ అనుకున్నాను. నా మాట పడిపోకూడదని మీ అమ్మ దగ్గు మింగింది. వరండా ఆగిపోకూడదని నీవు మింగుతున్నావు. దేవుడికి నా మాట నిలబెట్టే మనుషులు అక్కర్లేదు. అది నాకు ఆలస్యంగా తెలిసింది. నీకు ఆలస్యం కాకూడదు.

నిన్న పొద్దున్నుంచి నీ వేలి యంత్రం పట్టుకుని నలభై ఒక్క గడప ఎక్కాను, గుడ్డతో తుడుస్తూ, వాకిట్లోనే నిలబడి. మరిడమ్మ తలుపు సందులోంచి వేలు మాత్రం బయటపెట్టింది. ఎనభై ఎనిమిది. ‘మొన్న అందరి ముందరా నాకు నయమైపోయినాదని సాచ్చికం సెప్పేసినాను గదా అయ్యగారూ, ఇప్పుడు మళ్ళీ జొరం అంటే ఏటనుకుంటారో’ అంది. అలా దాక్కున్నవాళ్ళు ఐదుగురు తేలారు. ‘నేను చెప్పిన అబద్ధాన్ని మీరు మోయొద్దు’ అని ఒక్కొక్కరినీ బతిమాలి 108 ఎక్కించాను. వాళ్ళు ఇప్పుడు నీ వరండాలోనే ఉండి ఉంటారు. నా మనుషులు, నా వల్ల పడినవాళ్ళు, నీ యంత్రం కోసం కాచుకుని ఉన్నారు. అది తెలిసే నీకు చెబుతున్నాను, ఆ యంత్రం వదిలిపెట్టు. వాళ్ళ కోసం నేను విశాఖపట్నం దాకా వెళ్ళి ఇంకో యంత్రం ముందు నిలబడతాను. యంత్రాలు ఉన్నాయి. మా అప్పకు ఇంకో కూతురు లేదు.

సమాధి గురించి, ఆ ‘అండి’ గురించి నీతో కూర్చుని ఏడవాలి. ఇప్పుడు కాదు. నాకు ప్రసంగం రావడం లేదు, అడగడం మాత్రమే వస్తోంది.

జగన్నాధం ఈ కాగితం నీ చేతికే ఇస్తాడు, గేటు దగ్గర పెట్టడు. ఈ రోజు నుంచి పన్నెండింటికి కర్ఫ్యూ, బండ్లు ఆగిపోతాయి. అంతలోపల కావాలి. ఇది మడిచి జేబులో పెట్టుకోకు. స్ట్రెచరు మీద ఎవరున్నా సరే, తలుపు తెరిచి బయటికి రా. ఆ సూటు విప్పు. వేలికి యంత్రం పెట్టు, ఆదివారం అంకె ఆదివారానిది, ఈ రోజుది కావాలి. నాలుగడుగులు నడిచి మళ్ళీ పెట్టు. జయకృష్ణ గారి దగ్గరికి వెళ్ళి శనివారం అన్న మాట నోటితో చెప్పు, చిన్న గొంతుతో కాదు. నీ పేరు ఆ మంచాల పట్టీలో రాయించు. రాయించాక వచ్చిన అంకె ఈ కాగితం వెనక రాసి జగన్నాధానికి ఇవ్వు. ఇచ్చేదాకా బండి కదలదని అతనితో ఒట్టు వేయించుకున్నాను. పోలీసులు వచ్చినా కదలనన్నాడు.

ఈ రోజే తల్లీ. పన్నెండు కాకముందే. చదవడం ఆపు, లే.